రష్యా చమురు మీద నేను ఓడిన పందెం

జనవరిలో ఒక రోజు పొద్దున్నే ఫోన్ చూస్తే స్నేహితుడి మెసేజ్ ఉంది. "8.48. ఇప్పుడు సంతోషమేనా?" ముందూ వెనకా ఇంకేమీ లేదు.

మూడో మనిషి చూస్తే అదేం అంకో తెలియదు. నాకు మాత్రం వెంటనే అర్థమైంది. 2025లో చమురు, గ్యాసు మీద తన ఖజానాకు వచ్చిన సొమ్ము 8.48 లక్షల కోట్ల రూబుళ్ళని రష్యా ఆర్థిక శాఖ లెక్క చెప్పింది. అంతకు ముందు ఏడాది అది 11.13 లక్షల కోట్లు. ఏడాది తిరిగేసరికి దాదాపు పావు వంతు కోత పడింది. కోవిడ్ దెబ్బకు చమురు ధర కుప్పకూలిన 2020 తర్వాత ఇంత తక్కువ ఎన్నడూ రాలేదు.

ఈ స్నేహితుడు ఆయిల్ ట్యాంకర్ల మీద ఇంజనీరు. 2022 మార్చిలో, ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలై రెండు వారాలు కూడా కాకముందు, ఫోన్లో ఇద్దరం పందెం కాశాం. ఏడాదిలో రష్యా చమురు, గ్యాసు ఆదాయం సగానికి పడిపోతుందని నేను. పడదని వాడు. ఓడినవాడు పుస్తకం కొనివ్వాలి. నా ధీమా నాది. అమెరికా అప్పుడే రష్యా చమురును నిషేధించింది, యూరప్ తర్జనభర్జన పడుతోంది, విదేశాల్లో దాచుకున్న సుమారు 30,000 కోట్ల డాలర్ల రష్యా నిల్వలకు తాళం పడింది. ఇంతమంది ఒక్కటైతే ఎవడు తట్టుకుంటాడు అనుకున్నాను. వాడు ఒకటే మాట అన్నాడు. "ఒరేయ్, నువ్వు పేపర్ చూసి మాట్లాడుతున్నావు. నేను లోడింగ్ చూసి మాట్లాడుతున్నాను. ఎవడో ఒకడు కొంటాడురా."

2021లో రష్యా ఖజానాకు ఈ పద్దు కింద వచ్చింది 9.06 లక్షల కోట్ల రూబుళ్ళు. 2022లో వచ్చింది 11.59 లక్షల కోట్లు. సగం కావడం అటుంచి, పావు వంతుకు పైగా పెరిగింది. పుస్తకం కొనిచ్చాను.

అప్పటినుంచీ ఎక్కడ తప్పులో కాలేశానా అని ఆలోచిస్తూనే ఉన్నాను. ఆంక్షలకు బలం లేదని కొందరంటారు, అది నిజం కాదు. ఆంక్షలే రష్యాను ముంచేశాయని ఇప్పుడు కొందరంటున్నారు, అదీ పూర్తిగా నిజం కాదు. నాలుగేళ్ళు చూశాక నాకు అనిపించేది వేరే. ఆంక్షలు పెట్టినవాళ్ళకు రష్యా డబ్బు ఆగాలని ఉంది, రష్యా చమురు ఆగకూడదనీ ఉంది. తమ ఊళ్ళో పెట్రోలు ధర పెరుగుతుందన్న భయం వాళ్ళను వెనక్కి లాగినంత కాలం ఆంక్షలు మెతకగానే ఉన్నాయి. ఆ భయం తగ్గాకే వాటికి పళ్ళు మొలిచాయి. అంటే రష్యా ఆదాయాన్ని ఇన్నాళ్ళూ కాపాడిన వాటిలో పెద్దది అవతలి పక్షం పెట్రోలు బంకే.

మొదటి ఏడాది ఏం జరిగింది

ప్రపంచ చమురు ధరకు కొలబద్దగా చూసే బ్రెంట్ క్రూడ్ యుద్ధానికి ముందు బ్యారెల్ 95 డాలర్ల చుట్టుపక్కల ఉంది. నిషేధం మాట బయటికి రాగానే, 2022 మార్చి 7న ఒక దశలో 139 డాలర్లు తాకింది. అప్పటికి రష్యా నుంచి వచ్చే చమురు పెద్దగా తగ్గనేలేదు. తగ్గుతుందేమోనన్న అనుమానానికే ఆ ధర. రష్యాకు మాత్రం ఆ అనుమానం నగదుగానే చేతికందింది. తన యురాల్స్ రకానికి ఆ ఏప్రిల్‌లో బ్రెంట్ కన్నా 30 డాలర్లకు పైగా తగ్గించి అమ్మాల్సి వచ్చినా, తగ్గించాక మిగిలింది కూడా అంతకు ముందు ఏడాది సగటు ధరకు తీసిపోలేదు.

యూరప్ నిషేధం 2022 జూన్ 3న ఖరారైంది. అమల్లోకి వచ్చింది డిసెంబరు 5న. డీజిల్ వంటి శుద్ధి చేసిన సరుకుకైతే 2023 ఫిబ్రవరి 5. ద్రుజ్బా పైపులైన్ మీద బతికే హంగరీ, స్లొవేకియా, చెక్ దేశాలకు మినహాయింపు ఇచ్చారు. (ద్రుజ్బా అంటే స్నేహం అని అర్థం. సోవియట్ కాలంలో పెట్టిన పేరు.) నిర్ణయానికీ అమలుకూ మధ్య ఆరు నెలలు ఎందుకని అప్పట్లో నేను విసుక్కున్నాను. బెర్లిన్‌కు పెట్రోలు పోసే ష్వెట్ రిఫైనరీ దశాబ్దాలుగా ఆ ద్రుజ్బా చమురు మీదే నడిచిందని తెలిశాక విసుగు కొంత తగ్గింది. రిఫైనరీని ఒక రకం క్రూడ్‌కు అలవాటు చేశాక రాత్రికి రాత్రి మార్చలేరు. కాకపోతే ధరలు ఆకాశంలో ఉన్నది సరిగ్గా ఆ ఆరు నెలల్లోనే. ఆ జూన్‌లో అమెరికాలో గ్యాలన్ పెట్రోలు సగటున 5 డాలర్లు దాటింది. నవంబరులో వాళ్ళకు ఎన్నికలు. ఆ వేడిలో రష్యా చమురును నిజంగా ఆపే ధైర్యం వాషింగ్టన్‌లో ఎవరికి ఉంటుంది?

ఏడాది చివర చూసుకుంటే రష్యా కరెంట్ అకౌంట్ మిగులు, అంటే విదేశాలతో లావాదేవీల్లో మిగిలిన సొమ్ము, 22,000 కోట్ల డాలర్లు దాటింది. వాళ్ళ చరిత్రలోనే అది రికార్డు. తాళం వేసిన నిల్వల పక్కన ఈ అంకె పెట్టి చూడండి. ముందు తలుపుకు తాళం పెద్దదే, పెరటి తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది.

1990 ఇరాక్ సంగతి అప్పుడు చాలామంది ఎత్తారు, నేను కూడా ఎత్తాను. ఆగస్టు 2న కువైట్ మీద పడితే 6వ తేదీకల్లా భద్రతా మండలి 661వ తీర్మానం వచ్చింది, టర్కీ పైపులైన్ మూసింది, కొద్ది రోజుల్లో ఇరాక్ ఎగుమతి సున్నాకు దగ్గరైంది. కానీ అప్పుడు మాస్కో కూడా ఆ తీర్మానానికి ఓటేసింది. పైగా పోయిన చమురును పూడ్చడానికి సౌదీ చేతిలో ఖాళీ బావులున్నాయి. 2022లో రష్యా రోజుకు 70 లక్షల బ్యారెళ్ళకు పైగా క్రూడ్, ఇంధనాలు కలిపి బయటికి పంపుతోంది. అంత పూడ్చగలవాడు ప్రపంచంలో లేడు. ఉన్న కొద్ది మందీ ఒపెక్ ప్లస్ అనే చమురు దేశాల కూటమిలో రష్యా పక్కనే కూర్చుని, ఆ అక్టోబరులో ఉత్పత్తిని రోజుకు 20 లక్షల బ్యారెళ్ళు తగ్గిస్తామని ప్రకటించారు. ఈ పోలిక పనికిరాదని నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

ఒక చిన్న మెలిక కూడా ఉంది. ఆ 11.59 లక్షల కోట్లలో సుమారు 1.25 లక్షల కోట్లు ప్రభుత్వ గ్యాసు కంపెనీ గాజ్‌ప్రోమ్ మీద మూడు నెలలపాటు అదనంగా వేసిన తవ్వకం పన్ను. అంటే అమ్మకం పెరిగి వచ్చిన సొమ్ము కాదు, ప్రభుత్వం తన కంపెనీనే పిండుకున్న సొమ్ము. ఈ సంగతి మా వాడికి చెప్పి చూశాను. "పందెంలో ఆ రూల్ లేదు" అన్నాడు.

60 డాలర్ల కాగితం

2022 డిసెంబరు 5న జీ7 దేశాలు ప్రైస్ క్యాప్ తెచ్చాయి, అంటే ధరకు ఒక పైకప్పు. ఆలోచన చూస్తే ముచ్చటేస్తుంది. రష్యా చమురును ఎవరైనా కొనుక్కోవచ్చు, కానీ బ్యారెల్ 60 డాలర్లు మించితే పాశ్చాత్య ఓడలు, ఇన్సూరెన్సు దొరకవన్నారు. సముద్రం మీద తిరిగే ఓడల్లో టన్నేజీ లెక్కన సుమారు 90 శాతానికి బీమా ఇచ్చే పీ అండ్ ఐ క్లబ్బుల కూటమి ప్రధానంగా లండన్ కేంద్రంగా నడుస్తుంది కాబట్టి మాట చెల్లుతుందని లెక్క వేశారు. చమురు పారుతుంది, డబ్బు తగ్గుతుంది, బంకులో ధర పెరగదు. మూడూ ఒకేసారి.

అంకె దగ్గరే కిటుకు ఉంది. పోలండ్, బాల్టిక్ దేశాలు 30 డాలర్లు పెట్టమని పట్టుబట్టాయి. యూరోపియన్ కమిషన్ 65, 70 అని మొదలుపెట్టింది. బేరమాడి బేరమాడి 60 దగ్గర ఆగారు. ఆ డిసెంబరులో యురాల్స్ సగటు ధరే దాదాపు 50 డాలర్లు. 2023 జనవరిలో 49.48. నడుస్తున్న ధర కన్నా ఎత్తులో కప్పు వేశారన్నమాట. ఆ కప్పు తలకు తగిలే రోజు 2023 జులైలో వచ్చింది. సెప్టెంబరులో యురాల్స్ 80 డాలర్లు దాటింది. నిబంధన మీరారని అమెరికా మొదటిసారి ఎవరి మీదైనా చర్య తీసుకున్నది ఆ అక్టోబరు 12న, రెండు ట్యాంకర్ల యజమానుల మీద. పెట్టిన పది నెలలకు.

ఆ నిబంధన కాగితం మీద ఎలా నడిచేదో మా వాడు చెప్పగా విన్నాను. ట్రేడర్ ఒక అటెస్టేషన్ ఇస్తాడు, "ఈ సరుకు 60 డాలర్ల లోపే కొన్నాం" అని. ఓడ యజమాని దాన్ని ఫైల్లో పెట్టుకుంటాడు, ఇన్సూరెన్సు వాడు ఆ ఫైలు ఉందో లేదో చూస్తాడు. సంతకం నిజమో కాదో వెతకడం ఎవరి పనీ కాదు. ఇంకో మార్గం కూడా ఉంది. క్యాప్ పోర్టులో లోడింగ్ ధరకే వర్తిస్తుంది, రవాణా ఖర్చు విడి. బ్యారెల్ 58 అని రాసి, రవాణా 15 అని రాస్తే చట్టం దాటినట్టు కాదు. ఆ రవాణా కంపెనీ దుబాయ్‌లో గానీ హాంకాంగ్‌లో గానీ నిన్న మొన్న పుట్టినదై, వెనక మాస్కో మనుషులే ఉంటే, తగ్గింపు పేరుతో పోయిన డబ్బులో కొంత చుట్టు తిరిగి ఇంటికే చేరుతుంది.

ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. రష్యా ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు లెక్క. చమురు కంపెనీల పన్నును యురాల్స్ కోట్ ధర మీద వేసేవాళ్ళు. 2023 ఏప్రిల్ నుంచి ఆ పద్ధతి మార్చి, బ్రెంట్ ధరలోంచి ముందే నిర్ణయించిన తగ్గింపు తీసేసి దాని మీద పన్ను వేయడం మొదలుపెట్టారు. ఏప్రిల్‌కు 34 డాలర్లు, జులైకల్లా 25. "మీరు ఎంతకు అమ్మామని చెబుతున్నారో మాకు అనవసరం, ఇంతకు అమ్మినట్టే లెక్క వేస్తాం" అని సొంత కంపెనీలకు చెప్పారు. యురాల్స్ అంకెలను మనం పట్టుకుని చర్చలు చేస్తుంటే క్రెమ్లిన్ గుమస్తా వాటిని పక్కన పడేశాడు.

ఇక్కడ నన్ను నేను ఆపుకోవాలి. ఆంక్షలు లేకపోతే రష్యాకు ఇంకా ఎక్కువ వచ్చేది కదా? వచ్చేదే. బ్యారెల్‌కు 10 డాలర్ల తగ్గింపే అనుకుందాం, ఓడల మీద పోయే క్రూడ్ రోజుకు 35 లక్షల బ్యారెళ్ళు అనుకుందాం. రోజుకు 3.5 కోట్ల డాలర్లు, ఏడాదికి దాదాపు 1,280 కోట్ల డాలర్లు. ఎన్ని ఫిరంగి గుండ్లు కొనవచ్చో లెక్క వేసుకోండి. కాబట్టి క్యాప్ దండగ అని కొట్టిపారేసేవాళ్ళతో నేను కలవను. కానీ ఆంక్షలు లేకపోతే 2022లో ధర 139కి ఎక్కేదా అన్న ప్రశ్న కూడా అదే గుక్కలో అడగాలి. నష్టం ఒక పద్దులో, లాభం ఇంకో పద్దులో రాసి, మొదటి పద్దు మాత్రమే చదవడం సరికాదు.

ఒక ఓడ ఆగితే

2023 నవంబరు 16న అమెరికా మూడు ట్యాంకర్లను ఆంక్షల జాబితాలో పెట్టింది. వాటిలో ఎన్‌ఎస్ సెంచరీ ఒకటి. సఖాలిన్ దగ్గరి సొకోల్ రకం క్రూడ్‌తో భారత్ వైపు వస్తోంది. ఓడల మ్యాప్‌లో దాని చుక్కను రోజూ చూసేవాణ్ణి, ఎందుకో పిచ్చి పట్టినట్టు. శ్రీలంక దగ్గరికి వచ్చి ఆగింది. మర్నాడు చూస్తే అక్కడే. వారం తర్వాతా అక్కడే. కొద్ది వారాల్లో అదే రకం క్రూడ్ మోస్తున్న మరికొన్ని ఓడలు కూడా భారత్ దాకా రాకుండా మలక్కా వైపు ముక్కు తిప్పుకున్నాయి.

నాలుగేళ్ళలో ఆంక్ష అనేది పని చేస్తుంటే ఎలా ఉంటుందో కళ్ళారా చూసింది అప్పుడే. నిషేధం అనే పెద్ద మాట చేయలేని పని ఒక ఓడ పేరు, పేరు మారినా మారని దాని ఐఎంఓ గుర్తింపు నంబరు చేశాయి. జాబితాలో పేరున్న ఓడను రేవులోకి రానిస్తే తమ బ్యాంకుకేమవుతుందోనని కొనేవాడికి వెన్నులో చలి పుట్టింది. ఓడలను ఒక్కొక్కటిగా పేరు పెట్టి పట్టుకోవచ్చని తెలిసి కూడా 2024 అంతా ఆ పని పొదుపుగానే చేశారు. కారణం మళ్ళీ అదే, ఎన్నికల ఏడాది. 183 ఓడలను, గాజ్‌ప్రోమ్ నెఫ్ట్, సుర్గుత్‌నెఫ్తెగాస్ కంపెనీలను ఒక్కసారిగా జాబితాలో వేసింది 2025 జనవరి 10న. బైడెన్ కుర్చీ దిగడానికి పది రోజుల ముందు.

ఈ లోగా రష్యా పాత ఓడలు పోగు చేసుకుంది. షాడో ఫ్లీట్ అంటున్నది వీటినే. 2025 చివరికి యూరప్ జాబితాలోనే ఇలాంటివి దాదాపు 600. ఓడలకు సిబ్బందిని కుదిర్చే మ్యానింగ్ ఏజెంటు ఒకడు మా వాడికి ఫోన్ చేసి, జీతం ఒకటిన్నర రెట్లు ఇప్పిస్తానన్నాడట. ఏ ఓడ అంటే పేరు చెప్పాడు. వీడు వెతికి చూస్తే రెండేళ్ళలో అది దానికి మూడో పేరు, మూడో జెండా. బీమా ఎవరిదని అడిగితే "అదంతా ఓనరు చూసుకుంటాడు సార్" అన్నాడు. వీడు వెళ్ళలేదు. అలాంటిదే ఒకటి తర్వాత లంగరు వేసే చోట పక్కనే కనబడితే ఫోటో తీసి పంపాడు. ఓడ వెనక పేరు మీద కొత్త రంగు పూశారు. పేరు అక్షరాలను ఇనుప ముక్కలతో వెల్డింగ్ చేస్తారు కాబట్టి పాత పేరు అంచులు రంగు కింద నుంచి ఉబ్బి కనిపిస్తున్నాయి.

ఆ ఒకటిన్నర జీతం, ఆ ముసలి ఓడ కొన్న ధర, సముద్రం మధ్యలో ఒక ఓడ నుంచి ఇంకో ఓడకు సరుకు మార్చే ఖర్చు, ఇవన్నీ బ్యారెల్ ధరలోంచే తీయాలి. ఆంక్షల భారం మొత్తాన్ని ఇలాంటి చిల్లర ఖర్చుల్లో వెతుక్కోవాలి. లంగరు ఈడ్చుకుంటూ పోయి ఫిన్లాండ్, ఎస్టోనియాల మధ్య కరెంటు కేబుల్ తెంపిందన్న ఈగిల్ ఎస్ లాంటి సంఘటనల ఖర్చు మాత్రం ఏ బ్యారెల్ లెక్కలోనూ రాదు.

గ్యాసు గొట్టం కథ వేరు

అన్నిటికన్నా విచిత్రం గ్యాసుది. రష్యా ఇంధన ఆదాయానికి అతి పెద్ద గండి పడింది యూరప్ ఆంక్షలు లేని చోట. పైపులైన్ గ్యాసును యూరోపియన్ యూనియన్ ఆ సంవత్సరాల్లో నిషేధించలేదు. రూబుళ్ళలో కట్టలేదని 2022 ఏప్రిల్‌లో పోలండ్, బల్గేరియాలకు కుళాయి కట్టేసింది రష్యానే. టర్బైను రిపేరని ఒకసారి, లీకేజీ అని ఒకసారి, సముద్రం అడుగున జర్మనీకి వెళ్ళే నార్డ్‌స్ట్రీమ్ పైపులైన్‌ను తగ్గిస్తూ ఆగస్టు చివరికి పూర్తిగా ఆపిందీ రష్యానే. సెప్టెంబరు 26న ఆ పైపులు పేలిపోయాయి.

యూరప్ చలికి వణికి దారికొస్తుందని పుతిన్ అనుకున్నట్టున్నాడు. ఆ ఆగస్టులో గ్యాసు ధర మెగావాట్ అవర్‌కు 300 యూరోలు దాటింది, కాబట్టి కొన్ని నెలలు తక్కువ అమ్మి ఎక్కువ సంపాదించాడు కూడా. తర్వాత యూరప్ ఓడల్లో ద్రవరూప గ్యాసు (ఎల్‌ఎన్‌జీ) తెచ్చుకుంది, వాడకం తగ్గించుకుంది, చలికాలం కూడా కనికరించింది. 2021లో యూరప్‌కు 15,000 కోట్ల ఘనపు మీటర్ల స్థాయిలో పంపిన గాజ్‌ప్రోమ్, 2023లో 3,000 కోట్లు కూడా పంపలేకపోయింది. ఆ ఏడాది 62,900 కోట్ల రూబుళ్ళ నష్టం చూపించింది. 1999 తర్వాత ఆ కంపెనీకి అదే మొదటి వార్షిక నష్టం.

చైనాకు అమ్ముకోవచ్చు కదా అంటే, చమురులా గొట్టంలో పోయే గ్యాసు ఓడెక్కి పేరు మార్చుకోలేదు. యూరప్‌కు వెళ్ళేది యమల్ ప్రాంతపు గ్యాసు. చైనాకు వెళ్ళే పవర్ ఆఫ్ సైబీరియా గొట్టానికి గ్యాసు వచ్చేది వేల కిలోమీటర్ల తూర్పున ఉన్న చయాండా, కొవిక్తా క్షేత్రాల నుంచి. రెండింటినీ కలిపే గొట్టమే లేదు. దానికోసం తలపెట్టిన రెండో లైను మీద 2025 సెప్టెంబరులో బీజింగ్‌లో ఒప్పందపత్రం రాసుకున్నారు, ధర మాత్రం తేల్చలేదు. చైనాకు తొందరేముంది? ఇంకో కొనుగోలుదారు లేనివాడితో బేరం ఎలా ఆడాలో వాళ్ళకు ఒకరు నేర్పాలా!

ఇది నా వాదనకు మద్దతా, అడ్డా అని చాలాసార్లు తేల్చుకోలేకపోయాను. ఆంక్షల వల్ల కాకుండా రష్యా సొంత చేష్టల వల్ల పోయిన ఆదాయం ఇది. మరోపక్క, అమ్మేవాడు కుళాయి కట్టేశాక యూరప్ తన భయాన్ని తప్పనిసరై దాటింది, దాటాక పెద్దగా ఏమీ కాలేదు కూడా. చమురు విషయంలో ఆ భయాన్ని దాటాల్సిన అవసరం ఎవరూ కల్పించలేదు. అలాగని గ్యాసు కొనడం పూర్తిగా మానలేదు. యూరోపియన్ యూనియన్ యుద్ధం మూడో ఏడాదిలో రష్యా చమురు, గ్యాసుల కోసం 2,190 కోట్ల యూరోలు చెల్లించిందని, 2024లో ఉక్రెయిన్‌కు ఇచ్చిన ఆర్థిక సహాయం 1,870 కోట్లేనని సీఆర్‌ఈఏ అనే పరిశోధన సంస్థ అంచనా కట్టింది.

కొన్నది మనమే కదా

ఈ మాట ఎత్తకుండా తప్పించుకోవడం కుదరదు. 2021లో భారత్ దిగుమతుల్లో రష్యా చమురు నామమాత్రం. రెండేళ్ళలో మూడో వంతు దాటింది. మనం యుద్ధానికి డబ్బు పోస్తున్నామని తిట్టినవాళ్ళున్నారు, చవగ్గా కొని తెలివి చూపించామని మురిసినవాళ్ళూ ఉన్నారు. రెండు వర్గాలూ మర్చిపోయేది ఒకటుంది. ఆ కొనుగోలు ఆంక్షల రూపకల్పనలో భాగమే. క్యాప్ రాకముందే, 2022 నవంబరులో, పాశ్చాత్య సేవలు వాడుకోనంత వరకు భారత్ రష్యా చమురు ఎంతైనా కొనుక్కోవచ్చని అమెరికా ఆర్థిక మంత్రి యెలెన్ చెప్పింది. 2024 మేలో అమెరికా రాయబారి గార్సెట్టి ఇంకా విప్పి చెప్పాడు, ధరలు పెరగకుండా ఎవరో ఒకరు ఆ చమురు కొనాలనే తాము కోరుకున్నామని. జామ్‌నగర్‌లో శుద్ధి అయిన డీజిల్ యూరప్ వెళ్ళినా 2026 జనవరి 21 దాకా దానికి అడ్డు చెప్పే నిబంధనే లేదు. 2025 ఆగస్టులో అదే చమురు కొన్నందుకు భారత్ సరుకుల మీద అమెరికా అదనంగా 25 శాతం సుంకం వేసింది. మధ్యలో మారింది మన నీతి కాదు, క్రూడ్ ధర.

రష్యాకు వచ్చింది నిజంగా ఆదాయమేనా అన్నది ఇంకో తిరకాసు. 2023 మేలో గోవా వచ్చిన రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్, భారత బ్యాంకుల్లో తమకు వందల కోట్ల రూపాయలు పేరుకుపోయాయని, వాటిని వాడుకునే మార్గం చూడాలని అన్నాడు. మనం అమ్మేది తక్కువ, వాళ్ళ దగ్గర కొనేది ఎక్కువ. ఆ రూపాయలతో మైక్రోచిప్‌లు దొరకవు. తర్వాత దిర్హాములు, యువాన్‌లు రంగంలోకి వచ్చాయి. విదేశీ బ్యాంకుల మీద కూడా వేటు వేస్తామని 2023 డిసెంబరులో అమెరికా ఉత్తర్వు వచ్చాక చైనా బ్యాంకులు కూడా కాగితాల కోసం వారాలు తిప్పాయి. ఎంత వచ్చిందన్న అంకె ఒకటే చూస్తే ఈ ఇరుకు కనబడదు. నేను ఇంతసేపూ బడ్జెట్ అంకెలతోనే మాట్లాడాను కాబట్టి నా లెక్కలోనూ ఈ లోపం ఉంది.

2025లో ఏమైందంటే

రష్యా తన 2025 బడ్జెట్ రాసుకున్నప్పుడు యురాల్స్ 69.7 డాలర్లు, డాలరుకు 96.5 రూబుళ్ళు అనుకుంది. గుణిస్తే బ్యారెల్‌కు 6,700 రూబుళ్ళ పైన. ఆ డిసెంబరులో యురాల్స్ సగటు 40 డాలర్ల లోపుకు పడింది, డాలరు 80 రూబుళ్ళ లోపే ఉంది. గుణిస్తే 3,100 చుట్టుపక్కల. సగం కూడా కాదు. ఏడాది మొత్తం ఇలా లేదు, చివరి నెలల సంగతి ఇది. అయినా నాలుగేళ్ళలో ఒక బ్యారెల్ ఇంత చిక్కిపోవడం నేను చూడలేదు.

ఈ పతనంలో ఆంక్షల వాటా ఎంత? మొదటి దెబ్బ ప్రపంచ ధరది. 2024లో 80 డాలర్లున్న బ్రెంట్ సగటు 2025లో 70 లోపుకు వచ్చింది, ఎందుకంటే ఒపెక్ ప్లస్ ఆపుకున్న ఉత్పత్తిని ఏప్రిల్ నుంచి వరసగా వదిలింది. రెండో దెబ్బ బలపడ్డ రూబుల్‌ది. డాలర్లలో వచ్చేది రూబుళ్ళలోకి మారితే తక్కువైంది. (ఇందులో ఆంక్షల చేయి లేకపోలేదు. దిగుమతులు కష్టమైతే డాలర్లకు గిరాకీ తగ్గుతుంది, రూబుల్ పెరుగుతుంది.) మూడో దెబ్బ అక్టోబరు 22న పడింది. రష్యా క్రూడ్ ఎగుమతిలో దాదాపు సగం చేతిలో ఉన్న రోస్‌నెఫ్ట్, లుకాయిల్ రెండింటినీ అమెరికా జాబితాలో వేసింది. తగ్గింపు మళ్ళీ 20 డాలర్లు దాటింది. పైనుంచి రిఫైనరీల మీద, నొవొరొస్సిస్క్, ప్రిమోర్స్క్ రేవుల మీద ఉక్రెయిన్ డ్రోన్లు. వాటిని జెలెన్‌స్కీ దూరం కొట్టే ఆంక్షలని పిలుస్తాడు, ఆ మాట నాకు భలే నచ్చింది.

రోస్‌నెఫ్ట్ మీద ఈ వేటు 2022లో ఎందుకు పడలేదు? అప్పుడు వేస్తే బ్రెంట్ 150 అయ్యేదని భయం. 2025 అక్టోబరులో 60 పైచిలుకు ఉంది, మార్కెట్లో సరుకు పొంగుతోంది, కాబట్టి వేశారు. వేస్తే ఒకటి రెండు రోజులు ఎగిరి సర్దుకుంది. చవగ్గా ఉన్నప్పుడే ఆంక్షలు పడతాయి, చవగ్గా ఉన్నప్పుడే తగులుతాయి. ఖరీదుగా ఉన్నప్పుడు, అంటే ఎదుటివాడు బాగా సంపాదించుకుంటున్నప్పుడు, వాటిని బీరువాలో పెడతారు.

దీనికి ఒక గట్టి ఎదురు ప్రశ్న ఉంది, నాకు ఇంకా పూర్తి జవాబు దొరకలేదు. 2022లో నిజంగానే కుళాయి కట్టేస్తే, ధర 150, 200 అయి, పేద దేశాలు ముందు మునిగేవి. ఆ ఏడాది శ్రీలంకలో ఇంధనం కోసం రోజుల తరబడి నిలబడ్డ వరసలు చూశాం. ఉక్రెయిన్ మీద సానుభూతి కూడా ఆ వరసల్లోనే ఆవిరయ్యేదేమో. అలా చూస్తే మెతక ఆంక్షలు పిరికితనం కాదు, లెక్క చూసుకుని చేసిన పని. ఈ వాదన ఎదురైనప్పుడల్లా నా గొంతు కొంచెం తగ్గుతుంది. కానీ 2023 మధ్యకల్లా బ్రెంట్ 75 డాలర్లకు దిగింది. అప్పుడు కూడా అటెస్టేషన్ కాగితాలు ఫైళ్ళలో నిద్రపోవడానికి పేద దేశాల మీద జాలే కారణమంటే నమ్మలేను.

రష్యా బడ్జెట్‌లో చమురు, గ్యాసు వాటా 2022లో 40 శాతం పైన ఉండేది, 2025లో నాలుగో వంతు కన్నా తక్కువ. ఆ ఖాళీని మామూలు జనం నింపుతున్నారు. 2026 జనవరి 1 నుంచి అక్కడ వ్యాట్ 20 నుంచి 22 శాతమైంది. యుద్ధం మాత్రం ఆగలేదు.

మా వాడికి జవాబు రాయాలి కాబట్టి ఒక లెక్క వేశాను. 2025 రూబుల్, 2021 రూబుల్ ఒకటి కాదు. నాలుగేళ్ళ అధికారిక ద్రవ్యోల్బణం 11.9, 7.4, 9.5, 5.6 శాతం. అన్నీ కలిపి తీసేస్తే ఈ 8.48 లక్షల కోట్లు 2021 రూబుళ్ళలో 6.1 లక్షల కోట్లు అవుతాయి. అప్పటి 9.06తో పోలిస్తే మూడో వంతు పోయినట్టు. ఇదంతా టైపు చేసి పంపాను.

రెండు రోజుల తర్వాత, ఓడ ఏదో రేవు దగ్గరికి వచ్చి సిగ్నల్ దొరికాక కాబోలు, జవాబు వచ్చింది. "సగం కాలేదుగా. పైగా నువ్వు చెప్పింది ఏడాదిలో అని, నాలుగేళ్ళలో అని కాదు. పుస్తకం తిరిగి ఇవ్వను."